ఒకే ప్రశ్నపత్రంతో అందరినీ కొలవడం: అపోహలు - వాస్తవాలు

ఇరవై ఏళ్లకు పైగా లెక్కలు చెబుతున్నాను. అందరికీ ఒకే పేపరు పెట్టే ప్రామాణిక పరీక్షల పెత్తనం తగ్గాలని నేను అన్నప్పుడల్లా తల్లిదండ్రులు, తోటి టీచర్లు ఈ మాటలే అంటుంటారు.

అపోహ: మార్కు వచ్చిందంటే పాఠం వచ్చినట్టే.

వాస్తవం: 0.62, 0.5లలో ఏది పెద్దది? మా ఆరో తరగతి పాప 0.62కి టిక్ పెట్టింది. మార్కు పడింది. ఎందుకమ్మా అని అడిగితే, "62 పెద్దది కదా టీచర్, 5 చిన్నది" అంది. మరి 0.62, 0.7లలో? తడుముకోకుండా "0.62" అంది. బిందువు పక్క అంకె పదో వంతులని చెబుతుందన్న సంగతి ఆ పాపకు అందనే లేదు. జవాబు పత్రం దిద్దేవాళ్లకు అది కనబడే వీలే లేదు. పక్కన కూర్చుంటే రెండు నిమిషాల్లో బయటపడింది. చదరంలో పది నిలువు పట్టీలు గీయించి రంగు వేయించాను. 0.7కి ఏడు పట్టీలు నిండాయి. 0.62కి ఆరు నిండి, ఏడోదాంట్లో కాస్త రంగు పడింది. ఇక నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

అపోహ: పరీక్షలు తగ్గిస్తే ప్రమాణాలు పడిపోతాయి.

వాస్తవం: ఫిన్లాండ్‌లో పిల్లలందరూ రాసే జాతీయ పరీక్ష ప్రాథమిక విద్యలో లేదు. సింగపూర్ 2019లో 1, 2 తరగతులకు మార్కుల పరీక్షలు తీసేసింది, 2023కల్లా ప్రాథమిక, మాధ్యమిక తరగతులన్నిటికీ అర్ధసంవత్సర పరీక్షలు ఎత్తేసింది. పిల్లల్ని గమనించే బాధ్యత అక్కడ టీచర్లదే.

అపోహ: మార్కులను బట్టి బడికీ టీచర్లకూ విలువ కడితే అందరూ ఒళ్లు వంచుతారు.

వాస్తవం: ఆ కష్టమంతా మార్కుల మీదికే పోతుంది. కొలమానానికి ఎంత బరువిస్తే అది అంత చెడుతుందని అమెరికా సామాజిక శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1970ల్లోనే హెచ్చరించారు. అమెరికాలోని అట్లాంటాలో పిల్లల జవాబులు మార్చేసి మార్కులు పెంచిన కేసులో 2015లో 11 మంది విద్యా సిబ్బంది దోషులుగా తేలారు. అంతదాకా పోని చోట కూడా నెలల తరబడి పాత పేపర్లే పాఠాలవుతాయి. పేపర్లో రాని ప్రయోగాలు, చర్చ, సొంతంగా లెక్క అల్లడం మూలన పడతాయి. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

అపోహ: అయితే పరీక్షలే వద్దంటారా?

వాస్తవం: ఉండాలి. దేశమంతా చదువు ఎలా సాగుతోందో తెలియాలంటే కొంతమంది పిల్లలకు పెడితే చాలు. పలు దేశాల చదువును పోల్చే పిసా పరీక్ష కూడా 15 ఏళ్ల పిల్లల్లో కొందరికే పెడతారు. ఒక్క పిల్ల సంగతి వేరు. అదే స్థాయి పేపరు వారం తేడాతో రెండుసార్లు రాస్తే మార్కులు అటూ ఇటూ అవుతాయి. పాస్ గీత ఆ తేడా మధ్యలో పడితే పిల్ల ఏడాది పోతుంది. అలాంటి నిర్ణయం తీసుకునేటప్పుడు ఆ పేపరు పక్కన పిల్ల నోటుబుక్కులు, టీచరు రాసుకున్న గమనికలు కూడా ఉండాలని అడుగుతున్నాను.