మాగ్నెట్ పెడితే పసుపులోంచి మందు ఊడొస్తుందా? అపోహలు - వాస్తవాలు

ల్యాబ్‌లో మాగ్నెటిక్ ఇంప్రింటెడ్ పాలిమర్లతో, అంటే మాగ్నెట్‌కి అంటుకునే, మనకి కావాల్సిన పదార్థం అచ్చు పడిన పొడితో, పసుపు మీద పని చేస్తుంటా. ఆ మాట చెప్పగానే అందరూ అడిగేదే ముందు.

అపోహ: పసుపుకి రంగిచ్చే, అందరూ మందనే కర్క్యుమిన్‌ని మాగ్నెట్ లాగేస్తుంది.

వాస్తవం: కర్క్యుమిన్‌కి మాగ్నెట్‌తో సంబంధమే లేదండీ. మాగ్నెట్ లాగేది మా పొడి లోపలున్న ఐరన్ ఆక్సైడ్ రేణువుని, దాని మీద సిలికా పూత, ఆ పైన పాలిమర్ పొర ఉంటాయి. పొర కట్టేటప్పుడే కర్క్యుమిన్ కలిపేసి, తర్వాత మెథనాల్, ఎసిటిక్ యాసిడ్‌తో కడిగి తీసేస్తాం, పిండిలో వేలు గుచ్చి తీస్తే గుంట మిగిలినట్టు, కాకపోతే ఈ గుంటకి పట్టుకునే చోట్లు కూడా ఉంటాయి. పట్టేది గుంట, మోసేది మాగ్నెట్. సీసా పక్కన మాగ్నెట్ ఆనిస్తే నల్లపొడి గోడకి అంటుకుంటుంది, మిగతాది ఒంపేయడమే, గిర్రున తిప్పి పొడిని విడదీసే సెంట్రిఫ్యూజ్ కోసం క్యూ కట్టక్కర్లేదు.

అపోహ: పసుపు నీళ్ళలో ఈ పొడి చల్లితే చాలు.

వాస్తవం: కర్క్యుమిన్ నీళ్ళలో కరిగితే కదా! ముందు ఇథనాల్‌తో ఎక్స్‌ట్రాక్ట్ తీయాలి, దాన్ని ఆరబెట్టి ఎసిటోనైట్రైల్ లాంటి సాల్వెంట్‌లో కలపాలి. నీళ్ళుంటే, గుంట కర్క్యుమిన్‌ని పట్టుకునే హైడ్రోజన్ బాండ్ల మధ్యలో దూరి పట్టు వదిలించేస్తాయి.

అపోహ: ఎంత ఎక్కువ పడితే అంత బాగా ఇంప్రింట్ అయినట్టు.

వాస్తవం: నేనూ ఇలాగే మోసపోయా. మొదటి బ్యాచ్ తెగ పట్టేసిందని సంబరపడి, కర్క్యుమిన్ లేకుండా చేసిన జోడీ పాలిమర్‌ని టెస్ట్ చేస్తే అదీ దాదాపు అంతే పట్టింది. సిలికా పూత సరిగ్గా పడలేదు, కర్క్యుమిన్‌కి ఇనుమంటే మహా ఇష్టం, గుంటలతో పని లేకుండా నేరుగా దానికే అతుక్కుంది. ఆ జోడీ డేటా లేని పేపర్ ఎవరు చూపించినా నేను నమ్మను.

అపోహ: ఒక్క కర్క్యుమిన్‌నే పడుతుంది, బయటికొచ్చేది ప్యూర్.

వాస్తవం: పసుపులోనే కర్క్యుమిన్‌కి డీమెథాక్సీ, బిస్‌డీమెథాక్సీ అని ఇద్దరు తోబుట్టువులున్నారు, ఒకటో రెండో మెథాక్సీ గ్రూపులు తక్కువ, అంతే తేడా. వాళ్ళూ గుంటలో దూరతారు. ఇంకో తలనొప్పి, సరిగ్గా కడక్కపోతే తయారీలో వేసిన కర్క్యుమినే తర్వాత కొంచెం కొంచెం కారి, పసుపులోంచి వచ్చినట్టు హెచ్‌పీఎల్‌సీలో (దేంట్లో ఏది ఎంతుందో విడదీసి కొలిచే మెషిన్) కనిపిస్తుంది. కడిగిన ద్రావణంలో, కర్క్యుమిన్ కాంతిని పీల్చుకునే 425 నానోమీటర్ల దగ్గర, ఏమీ లేకుండా పోయేదాకా కడుగుతూనే ఉండాలి.

అపోహ: ఫ్యాక్టరీ పెట్టేయొచ్చు.

వాస్తవం: టన్నుల లెక్కకి మామూలు సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షనే. ఇది శాంపిల్ శుభ్రం చేసుకోడానికి పనికొస్తుంది. నిజామాబాద్ యార్డుకి పసుపేసుకెళ్ళే మా బాబాయ్ "ఓ బస్తా పొడి చేసియ్యరాదురా" అన్నాడు. మేం బ్యాచ్‌కి చేసేది రెండు గ్రాములు.