వాలు బల్ల మీద తప్పటడుగులు

"మనవడికి 13వ నెల వచ్చింది, ఇంకా నడవడం లేదు. వాకర్ కొనమంటావా?" అని మా పక్కింటి పిన్నిగారు అడిగారు. ముందు టెన్షన్ సంగతి. మన దేశంతో కలిపి 5 దేశాల పిల్లల్ని గమనించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో చెప్పిన ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు 8 నెలలకూ నడవొచ్చు, 17 దాటాకా నడవొచ్చు. 18 నెలలు నిండినా నడవకపోతే పిల్లల డాక్టరుకు చూపించాలి.

వాకర్ గురించి చెప్పాలంటే మాత్రం అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కేరెన్ అడాల్ఫ్ వాడిన ఏటవాలు బల్ల దగ్గరికి వెళ్లాలి. నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగం ఇది. బల్ల వాలును కావలసినంత పెంచొచ్చు, తగ్గించొచ్చు. పైన పసివాడు, కింద నుంచి పిలిచే అమ్మ, పడితే పట్టుకోవడానికి పక్కనే ఒక మనిషి. కొత్తగా దోగాడే పిల్లలు ఎంత వాలైనా చూడకుండా తల ముందుకేసి దిగిపోతారు. వారాల తరబడి దోగాడాక అంచు దగ్గర ఆగుతారు, చేత్తో తడుముతారు, ఎక్కువ వాలైతే దిగరు, లేదంటే వెనక్కి తిరిగి జారతారు. సరే, తెలివి వచ్చిందనుకుంటాం. కానీ ఆ పిల్లలే నడక మొదలుపెట్టాక, అంతకుముందు వద్దనుకున్న వాలు మీదికే నడుచుకుంటూ వెళ్లి పడిపోతారు! అదే పూట మోకాళ్ల మీద ఉంచితే ఆగుతారు, నిలబెడితే మళ్లీ పడతారు.

అంటే వాళ్లు నేర్చుకున్నది 'వాలు ప్రమాదం' అనే పాఠం కాదు. ఈ భంగిమలో, ఈ ఒంటితో, ఈ నేల మీద ఎంతవరకు తూలితే నిలదొక్కుకోగలను అనే లెక్క. భంగిమ మారితే లెక్క మొదటికొస్తుంది. దోగాడేటప్పుడు చేతులూ మోకాళ్లూ కలిసి వెడల్పాటి ఆధారం, గరిమనాభి, అంటే ఒంటి బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కేసే బిందువు, నేలకు దగ్గర. నిలబడితే ఆధారం రెండు చిట్టి పాదాలే, పైన ఒంటికి మించిన తల. అడుగెత్తిన క్షణంలో బరువంతా ఒక్క కాలి మీదే. గరిమనాభి పక్కకు జారిపోకుండా తుంటి కండరాలు బిగపట్టాలి. కళ్లు, లోపలి చెవి, చీలమండ కీళ్లు పంపే కబుర్లను బట్టి రెప్పపాటులో సవరించుకోవాలి. అందుకే తప్పటడుగుల్లో కాళ్లు ఎడంగా, చేతులు పైకి ఉంటాయి. ఇంకో ప్రయోగంలో 14 నెలల పిల్లల భుజాలకు బరువులు తగిలించారు. తేలికగా ఉన్నప్పుడు నడిచి దిగిన వాలు దగ్గరే, బరువు పడగానే వెనకాడారు. లెక్కను అప్పటికప్పుడు తిరగరాసుకున్నారన్నమాట!

ఈ లెక్క వచ్చేది నడిచీ పడీనే. అడాల్ఫ్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనంలో 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటూ గంటకు సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. మన ఇళ్లలో రెండుసార్లు పడితే చాలు, దిష్టి తగిలిందని ఉప్పు తిప్పుతాం. ఏడుపు మాన్పించడానికి నేలను కొట్టి చూపిస్తాం. దయచేసి నేలను కొట్టకండి, నడక నేర్పుతున్నది అదే.

వాకర్‌లో పిల్లవాడి బరువును సీటు మోస్తుంది. చుట్టూ ఉన్న చట్రం పడనివ్వదు, ముందున్న ట్రే పాదాలను చూడనివ్వదు. మునివేళ్లతో తన్నితే చాలు, బండి సాగిపోతుంది. అక్కడ వాడికి అలవాటయ్యేది చక్రాల లెక్క. పైగా వాకర్‌తో సహా మెట్ల మీంచి దొర్లే ప్రమాదం ఉంది. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. మన మూడు చక్రాల చెక్కబండి అలా కాదు. తన కాళ్ల మీద తను నిలబడి తోయాలి, తూలితే తనే సర్దుకోవాలి. పక్కన పెద్దవాళ్లు ఉంటే చాలు.

పిన్నిగారికి చెప్పింది ఇదే. మెట్లకు అడ్డు పెట్టండి, గచ్చు మీద తడి లేకుండా చూడండి, ఇంట్లో సాక్సులు వేయకండి. చాప, గడ్డి, ఇసుక, అన్నిటి మీదా వట్టి కాళ్లతో వదలండి. ఆమె అడుగులకు అరిసెలు చేస్తానన్నారు. తప్పకుండా చేయమన్నాను. అరిసెల మీద నిలబెట్టినప్పుడు వాడి కాలివేళ్లను చూడమన్నాను. మెత్తగా, నూనె జిడ్డుగా ఉన్న ఆ కొత్త నేలను అవి ముడుచుకుని, విప్పుకుని, తడిమి చూస్తాయి.