పళ్ళెం కొడితే తిరుగుతున్నాడు కదా మేడమ్! (పిల్లల వినికిడి, మాటలు: అపోహలు - వాస్తవాలు)

మొన్న బుధవారం మళ్ళీ అదే కథ. నాలుగేళ్ళు దాటిన బాబు, వెంట అమ్మ, నాన్న, నాయనమ్మ. నేనింకా ఫైలు తెరవనేలేదు, నాయనమ్మ అందుకుంది. "వీళ్ళ నాన్నకీ అయిదో ఏడు దాకా మాటల్లేవమ్మా, ఇప్పుడు చూడు, ఆపితే ఆగడు." గుంటూరు వైపు పదిహేనేళ్ళుగా ఆడియాలజిస్టుగా (అంటే వినికిడి పరీక్షలు చేసే పని), స్పీచ్ థెరపిస్టుగా పని చేస్తున్నాను. ఈ "వాళ్ళ నాన్న" లేని వారం లేదు నాకు. వాళ్ళ నాన్న కాకపోతే మేనమామ, ఆయన కాకపోతే పక్కింటి సుబ్బారావు గారబ్బాయి.

నిజమే, కొంతమంది పిల్లలకి మాటలు ఆలస్యంగానే వస్తాయి, తర్వాత అందుకుంటారు కూడా. కానీ మీ పిల్లాడు ఆ కొంతమందిలో ఒకడో కాదో టెస్టు చేయకుండా నాయనమ్మకీ తెలియదు, నాకూ తెలియదు. ఆగాలనుకుంటే టెస్టు చేయించి ఆగండి.

ఈ మాట అనగానే వచ్చే జవాబు, "చెవులు బాగానే ఉన్నాయి మేడమ్, పళ్ళెం కొడితే తిరుగుతాడు." నా లెక్కలో పిల్లలకి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది ఈ పళ్ళెం పరీక్షే. మామూలు మాట 60 డెసిబెల్స్ (చప్పుడుని కొలిచే లెక్క) అటూ ఇటూ ఉంటుంది, తల వెనకాల గరిటెతో వాయించిన స్టీలు పళ్ళెం దానికంటే చాలా పెద్ద చప్పుడు. 70 దాకా ఏమీ వినపడని పిల్లాడు కూడా పళ్ళేనికి ఠక్కున తిరుగుతాడు, అమ్మ మాట మాత్రం ఒక్కటీ వాడి చెవిన పడదు. ఇంకో రకం పిల్లలకి ఆ, ఊ, మ లాంటివి అందుతాయి, స, శ, చ లాంటివి అందవు. "సీసా" అంటే వాళ్ళకి చేరేది "ఈ ఆ". ఇంట్లో వాళ్ళేమో "పిలిస్తే పలుకుతాడు, మొండితనం అంతే" అంటారు. పైగా చెవి పని చేయని పిల్లల కళ్ళు భలే చురుగ్గా ఉంటాయి. గోడ మీద మీ నీడ కదిలినా, తలుపు పడి నేల అదిరినా తిరిగేస్తారు. చిన్నప్పుడు ఊ కొట్టాడు కదా అనుకోకండి, పుట్టు చెవుడు ఉన్న పిల్లలు కూడా మొదటి నెలల్లో ఊ కొడతారు.

ఆగితే పోయేదేంటి అంటారా? మాట నేర్చుకోవడానికి మెదడు బాగా సిద్ధంగా ఉండేది మొదటి మూడేళ్ళు. అందుకే మా పనిలో ఒకటి - మూడు - ఆరు అని లెక్క: పుట్టిన నెల లోపు చెవుల స్క్రీనింగ్, మూడు నెలల్లోపు సమస్య తేల్చడం, ఆరు నెలల్లోపు మిషన్, థెరపీ మొదలుపెట్టడం. అవును, ఆరు నెలల బిడ్డకి కూడా వినికిడి మిషన్ పెడతారు. ఇక కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) అవసరమైతే, వికలాంగులకి పరికరాల కోసం కేంద్రం ఇచ్చే ఆడిప్ పథకంలో పుట్టు చెవుడు పిల్లలకి 5 ఏళ్ళే హద్దు. నాలుగున్నరకి మా దగ్గరికొచ్చి బెరా (చప్పుడుకి చెవి నరం, మెదడు స్పందిస్తున్నాయో లేదో తలకి వైర్లు అతికించి చూసే టెస్టు), స్కాన్‌లు, టీకాలు, కాగితాలు, క్యూ అన్నీ అయ్యేసరికి ఆ పుట్టినరోజు వెళ్ళిపోతుంది. తర్వాత సొంత డబ్బు, లక్షల్లో. సర్జరీ అయినా రెండు మూడేళ్ళ థెరపీ తప్పదు, ఇంప్లాంట్ పెట్టించి ఊరెళ్ళిపోతే వాడికి చప్పుళ్ళు వస్తాయి గానీ మాటలు రావు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. వస అరగదీసి నాకిస్తే మాటలొస్తాయి: రావు, పైగా ఏడాది నిండని బిడ్డకి అందులో తేనె కలపడం ప్రమాదం. నాలుక కింద నరం కోయిస్తే చాలు: ఆ నరానికీ అసలు మాటే రాకపోవడానికీ సంబంధం లేదు. మిషన్ పెడితే చెవుడు పెరుగుతుంది: సరిగా సెట్ చేస్తే పెరగదు. సైగలు నేర్పితే నోరు తెరవడు: పిల్లాడికి ముందు ఏదో ఒక భాష కావాలి, సైగ మాటకి అడ్డు రాదు. గ్రహణం చూసింది కాబట్టే: దీనికి జవాబు చెప్పే ఓపిక నాకిప్పుడు లేదు. మేనరికంలో ఇలాంటివి ఎక్కువ, అది నిజం, కానీ బంధుత్వమే లేని ఇళ్ళలోనూ పుడతారు. ఏదైనా సరే, తల్లి ఒక్కదాని మీద రుద్దేది కాదు.

రుద్దుతారు మరి. బుధవారం నాయనమ్మ బయటికెళ్ళాక ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది, "తొమ్మిదో నెలలోనే అనుమానం వచ్చింది మేడమ్, కుక్కర్ విజిల్‌కి కూడా ఉలిక్కిపడేవాడు కాదు. చెప్తే, అపశకునం మాటలు మాట్లాడకు అన్నారు." నా దగ్గరికొచ్చే తల్లుల్లో చాలామందికి ముందే తెలుసు. నోరు మూయించింది ఇంట్లో వాళ్ళు, "పేరు పడిపోతుంది, మూగోడంటారు, చెల్లెలి పెళ్ళికి అడ్డు" అంటూ. మిషన్ పెట్టాక కూడా పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళరు, తీసుకెళ్తే చెవి మీదికి జుట్టు దువ్వుతారు. అయినా బస్సులో ఎవరో ఒకరు అడుగుతారు, "అయ్యో, ఏమైందమ్మా పిల్లాడికి?" అని. "కళ్ళజోడు లాంటిదేనండీ, చెవికి" అని చెప్పమంటాను. కొంతమంది చెప్తారు, కొంతమంది కిటికీ వైపు తిరుగుతారు. తప్పు పట్టలేను.

కొత్తలో నేనూ తక్కువ తినలేదు. ఒకామెని "ఇన్నాళ్ళు ఏం చేశారమ్మా?" అని కసిరాను. పక్కనున్న భర్త ఆమె వైపు తిరిగి నా మాటే మళ్ళీ అన్నాడు, నాకంటే గట్టిగా. ఆమె తల దించుకుని బిడ్డ చొక్కా గుండీలు పెడుతూ ఉండిపోయింది. ఆ ప్రశ్న అప్పట్నుంచి ఎవరినీ అడగలేదు.

బెరాకి వచ్చేవాళ్ళకి ఒక మాట. బిడ్డ నిద్రలో ఉంటేనే ఆ టెస్టు అవుతుంది. ముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టండి, పొద్దున్నే లేపేయండి, దారిలో బస్సులో కునుకు తీయనివ్వకండి, తలకి నూనె రాయకండి, అతికించిన వైర్లు ఊడిపోతాయి. నాయనమ్మని కూడా తీసుకురండి, కంప్యూటర్‌లో గీతలు ఆమెకే ముందు చూపిస్తాను.