జపాన్ పాత మొబైల్ గేములు: అపోహలు – వాస్తవాలు

జపాన్ మడత ఫోన్లలో మిగిలిపోయిన ఆటలను వెలికితీసి భద్రపరచడం నా పని. దీని గురించి తరచూ వినిపించే నమ్మకాల్లో ఒకటి రెండింటి వల్ల ఆటలు నిజంగానే శాశ్వతంగా పోతున్నాయి కాబట్టి ఇది రాయక తప్పలేదు.

అపోహ: అవీ జావా గేములే కదా, ఏ జావా ఎమ్యులేటర్‌లోనైనా (పాత ఫోనును అనుకరించే ప్రోగ్రాములో) నడుస్తాయి.

వాస్తవం: మనం నోకియా ఫోన్లలో ఆడుకున్న ఆటలు మిడ్‌పి అనే ప్రమాణాన్ని అనుసరించినవి. జపాన్ మొబైల్ సంస్థ డొకోమో 2001 జనవరిలో 503ఐ వరుస ఫోన్లతో మొదలుపెట్టిన ఐ-యాప్లీ ఆటలు డోజా అనే వేరే ప్రమాణానికి రాసినవి. భాష జావాయే అయినా, బొమ్మ గీయడానికీ శబ్దం పలికించడానికీ వాడే ఆదేశాలు వేరు. మరో మొబైల్ సంస్థ ఏయూ ఫోన్లయితే 2003 నుంచి బ్రూ అనే వేరే సాంకేతికత వైపు మళ్లాయి, అది పూర్తిగా మరో లోకం.

అపోహ: జార్ ఫైలు (ఆట ప్రోగ్రాము ఉండే ఫైలు) దొరికితే ఆట దొరికినట్టే.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే. 503ఐలో జార్ ఫైలు 10 కిలోబైట్లు దాటకూడదు. 2004 నాటి 900ఐ వరుసలో ఆ పరిమితి 100 కిలోబైట్లకు పెరిగింది, దానికి తోడు స్క్రాచ్‌ప్యాడ్ అనే నిల్వ 400 కిలోబైట్ల దాకా ఉండేది. చాలా ఆటలు మొదటిసారి తెరిచినప్పుడూ, ఆడుతూ ముందుకు వెళ్లేకొద్దీ బొమ్మలనూ సంగీతాన్నీ సర్వర్ నుంచి తెచ్చుకుని అందులో దాచుకునేవి. ఒక ఫోను నుంచి చదివిన స్క్రాచ్‌ప్యాడ్‌ను హెక్స్ ఎడిటర్‌లో (ఫైలులోని బైట్లను నేరుగా చూపే ప్రోగ్రాములో) తెరిచినప్పుడు జిఫ్ బొమ్మలు వరుసగా కనిపించాయి, వాటి తరువాత ‘melo’ (మెలో) అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే పాటలు వచ్చాయి, ఆపైన చివరిదాకా అన్నీ సున్నాలే. ఆ ఫోను యజమాని ఆట ఆపేసిన చోటే మా ప్రతి కూడా ఆగిపోయింది. తరువాతి అంకాల కోసం అదే ఆటను ఇంకా ముందుకు ఆడినవారి ఫోను వెతకాలి.

సర్వర్ మీదే ఆధారపడిన ఆటల సంగతి మరీ కష్టం. 2004లో వచ్చిన ‘బిఫోర్ క్రైసిస్: ఫైనల్ ఫాంటసీ 7’లో ఫోను కెమెరాతో తీసిన ఫోటోలోని రంగును బట్టి మెటీరియా (ఆటలో శక్తులనిచ్చే మాయరాయి) తయారయ్యేది. 2018 మార్చి 31న దాని సేవలు ముగిశాయి.

అపోహ: ఫోను చేతిలో ఉంటే కాపీ చేసుకోవచ్చు.

వాస్తవం: మన ఊళ్లలో జార్ ఫైళ్లను బ్లూటూత్‌లో పంచుకున్నట్టు అక్కడ కుదరలేదు. తరువాతి నమూనాల్లో మెమరీ కార్డులోకి పంపగలిగినా, అది గుప్తీకరించి ఉంటుంది కాబట్టి వేరే చోట తెరుచుకోదు. అందువల్ల బోర్డు మీద సన్నని తీగలు అతికించో, మెమరీ చిప్‌ను ఊడదీసో చదవవలసి వస్తుంది. చిప్ ఊడదీస్తే ఆ ఫోను మళ్లీ పనిచేస్తుందన్న ఆశ దాదాపు వదులుకోవాలి.

అపోహ: తయారుచేసిన కంపెనీల దగ్గర అన్నీ ఉంటాయి.

వాస్తవం: కొన్ని ఉన్నాయి. జీ-మోడ్ సంస్థ 2020 ఏప్రిల్ నుంచి తన పాత ఆటలను నింటెండో స్విచ్‌లో మళ్లీ విడుదల చేస్తోంది, అది మెచ్చుకోవలసిన పని. మూతపడిన కంపెనీల ఆటలకు మాత్రం ఎవరి సొరుగులోనో పడి ఉన్న ఫోనే ఆధారం.

అపోహ: ఫోను ఇచ్చేముందు రీసెట్ చేయడం మర్యాద.

వాస్తవం: దయచేసి చేయకండి. ఈ ఫోన్లకు ఇంటర్నెట్ అందించిన ఐ-మోడ్ సేవకు 2026 మార్చి 31ని ఆఖరి రోజుగా డొకోమో ప్రకటించింది, కాబట్టి చెరిపేసిన ఆటను మళ్లీ దింపుకునే దారి లేదు. మీ ఫోటోలు, సందేశాలు మాత్రమే తీసేసి, బ్యాటరీ ఉబ్బి ఉంటే దాన్ని ఫోను నుంచి బయటికి తీసి, సిమ్ కార్డును ఫోనుతోనే ఉంచండి. అది లేకపోతే కొన్ని నమూనాల్లో ఆటల జాబితా కూడా తెరుచుకోదు.