ఐదుసార్లు బొమ్మ పడ్డాక బొరుసే పడాలా? టాస్ లెక్కల్లో అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఎప్‌సెట్ కోచింగ్‌కి వచ్చే పిల్లలకు సంభావ్యత సూత్రాలు నోటికొస్తాయి. తప్పులు జరిగేది ఫలితాలు రాసుకునే చోటే.

అపోహ: వరసగా ఐదుసార్లు బొమ్మ పడింది, ఇక బొరుసు పడి తీరాలి.

వాస్తవం: ఆరోసారీ 1/2 మాత్రమే. ఇవి స్వతంత్ర ఘటనలు, పాత ఫలితాలు నాణేనికి గుర్తుండవు. ఆరుసార్లూ బొమ్మే పడే సంభావ్యత 1/64 అన్నది నిజమే, కానీ అది మొదటి టాస్‌కి ముందు వేసే లెక్క. ఐదు అయిపోయాక మిగిలింది ఒక్క టాసే కదా! పైగా 20 సార్లు ఎగరేస్తే ఎక్కడో ఒకచోట వరసగా ఐదు లేదా అంతకన్నా ఎక్కువసార్లు ఒకే ముఖం పడే అవకాశం దాదాపు 46 శాతం. అలాంటి వరస కనబడగానే నాణేన్ని అనుమానించక్కర్లేదు.

‘చివరికి సమానమవుతుంది’ అనే మాటా సగమే నిజం. రెండో ప్రపంచయుద్ధంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉన్న గణితవేత్త జాన్ కెరిచ్ నాణేన్ని 10,000 సార్లు ఎగరేస్తే 5,067 బొమ్మలు పడ్డాయి. శాతం 50.67, సగానికి బాగా దగ్గర. లెక్కపెడితే మాత్రం 67 ఎక్కువే. దగ్గరయ్యేది శాతం; ఆ తేడా సున్నా కావాలన్న నియమం లేదు.

అపోహ: పదిసార్లు వేస్తే ఐదు బొమ్మలు ఖాయం.

వాస్తవం: సరిగ్గా ఐదు పడే అవకాశం 252/1024, అంటే 24.6 శాతమే. వందలో సరిగ్గా 50 పడే అవకాశం 8 శాతం.

అపోహ: రెండు నాణేలకు మూడే ఫలితాలు (రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, చెరొకటి), ఒక్కోదానికి 1/3.

వాస్తవం: 1754లో ఫ్రెంచి గణితవేత్త దలాంబర్ అంతటివాడే ఇలాంటి చోట తప్పటడుగు వేశాడు. రెండు టాస్‌లలో కనీసం ఒక బొమ్మ పడే సంభావ్యత 2/3 అన్నాడు. ఒక నాణెం మీద పెన్నుతో గుర్తు పెట్టి, బొమ్మకు హెచ్, బొరుసుకు టీ అని రాయండి: హెచ్‌హెచ్, హెచ్‌టీ, టీహెచ్, టీటీ. నాలుగూ సమానమే కాబట్టి జవాబు 3/4. ‘కనీసం ఒకటి’ అని అడిగితే అసలు ఒక్కటీ పడని సంభావ్యతను 1 నుంచి తీసేయడమే దగ్గరి దారి. మూడు టాస్‌లకైతే 1 - 1/8 = 7/8.

ఆడ్స్ (జరిగే అవకాశానికీ జరగని అవకాశానికీ నిష్పత్తి) అడిగితే ఇంకో గోతిలో పడతారు. సంభావ్యత 1/4 అయితే అనుకూల ఆడ్స్ 1:3. 1:4 కాదు.

అపోహ: చేత్తో ఎగరేసే టాస్ కచ్చితంగా 50-50.

వాస్తవం: 2023లో వెలువడిన ఒక అధ్యయనంలో 3,50,757 టాస్‌లు వేస్తే, ఎగరేసేటప్పుడు పైనున్న ముఖమే 50.8 శాతం సార్లు పడింది. సంవత్సరం కింద నక్షత్రం గుర్తున్న మన హైదరాబాద్ టంకశాల నాణెమైనా, వేరే ఊరిదైనా ఈ మొగ్గు చేతిది, ముద్రది కాదు. గల్లీ క్రికెట్‌లోనైనా పైనున్న ముఖం కనబడకుండా మూసి, ఎదుటివాళ్లు చెప్పాకే ఎగరేయండి.

నాణెం మీదే అనుమానముంటే గణితవేత్త వాన్ నాయ్‌మన్ పద్ధతి ఉంది. రెండుసార్లూ ఒకే ముఖం పైకి పెట్టి, ఒకేలా ఎగరేయాలి. బొమ్మ-బొరుసు పడితే మొదటి జట్టు, బొరుసు-బొమ్మ పడితే రెండోది గెలిచినట్టు. రెండూ ఒకటే అయితే ఆ జంటను వదిలేసి మళ్లీ వేయాలి. మంచి నాణేనికి ఇలా తేలడానికి సగటున నాలుగు టాస్‌లు పడతాయి.