గోడ కడితే తగ్గేది మోతే, అదురు కాదు

భీమవరం దగ్గర మా మేనత్త ఇంటి పెరడు దాటితే పంట బోదె, అది దాటితే రైలు కట్ట. రాత్రి గూడ్సు వెళ్తుంటే అటక మీద గిన్నెలు గలగలమంటాయి, మంచం సన్నగా అదురుతుంది. "ట్రాక్ పక్కన గోడ కట్టిస్తే బాగుణ్ణురా" అంటుంది అత్తయ్య. కానీ ఆవిడ నిద్ర చెడగొట్టేవి రెండు. మోత గాలిలో వస్తుంది, అదురు నేలలో వస్తుంది. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు.

మోతకు గోడ మంచిదే. చక్రాలు ఇంటికి కనపడనంత ఎత్తుండాలి, మధ్యలో సందులు ఉండకూడదు. ఒక్క వరస కొబ్బరిచెట్లు కంటికి చల్లగా ఉంటాయి గానీ మోతను ఆపలేవు.

అదురుతోనే అసలు చిక్కు. డెల్టా అంటే గోదావరి వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు. ఇలాంటి మెత్తటి తడి మట్టిలో అదురు సుమారు సెకనుకు 100 మీటర్ల వేగంతో నడుస్తుంది. సెకనుకు 10 సార్లు ఊగే అదురైతే ఒక్కో అల పొడవు 10 మీటర్లు. అంత పొడవైన అల త్వరగా చల్లారదు. మధ్యలో కందకం తవ్వి ఆపాలంటే అల పొడవులో సగానికి పైగా లోతు కావాలి. మన దగ్గర నాలుగడుగులు తవ్వితే నీళ్లు!

స్వీడన్‌లోని లెడ్స్‌గార్డ్‌లో 1990ల చివర ఇలాంటి బంకమట్టి మీదే వేగం పెంచితే, రైలు మట్టిలోని అలల వేగాన్ని అందుకోబోయి కట్టే ఊగిపోయింది. వేగం తగ్గించి, తర్వాత కట్ట కింద సున్నం, సిమెంటు కలిపిన స్తంభాలతో నేలను గట్టిపరిచారు.

అందుకే అదురును పుట్టినచోటే తగ్గించాలని నా గట్టి నమ్మకం. అతుకులు వెల్డింగ్ చేయడం, పట్టాల గరుకును గ్రైండింగ్‌తో తీయడం, పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెల (స్లీపర్ల) అడుగున రబ్బరు ప్యాడ్లు వేయడం, ఇవన్నీ తెలిసిన పనులే. బ్రేకు పట్టేసి జారిన చక్రం ఒకచోట చదునుగా అరుగుతుంది. ఆ తర్వాత ప్రతి చుట్టుకీ సమ్మెటలా పట్టాను కొడుతుంది.

ఏ బండి వెళ్లినా ఒకేచోట దబ్‌మంటే తప్పు పట్టాది. ఒక్క బండే దారి పొడుగునా దబ్‌దబ్‌మంటే చక్రానిది. రైల్వేవాళ్లకు చెప్పడానికి అత్తయ్య ఇప్పుడు ఆ వేళలు క్యాలెండర్ మీద రాసి పెడుతోంది.