మిక్స్ అతుక్కునేది ఎక్కడ?

విజయవాడ నుంచి ఒక పాఠకుడు రాశారు. ఇంట్లోనే చిన్న గదిలో భజన పాటలు రికార్డు చేస్తారట. "పాతకాలపు నీవ్ కన్సోల్‌ని (స్టూడియోలో గొంతులనూ వాద్యాలనూ కలిపే పెద్ద బల్లని) అనుకరించే ప్లగిన్ (కంప్యూటర్‌లో వాడే చిన్న ప్రోగ్రాం) ఒకటి కొన్నాను. పద్దెనిమిది ట్రాకులుంటే పద్దెనిమిదింటి మీదా పెట్టాను. అలా పెడితే వాద్యాలన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయని చెప్పారు. నాకు తేడా వినిపిస్తున్నట్టే ఉంది కానీ నమ్మకం కుదరడం లేదు. అసలక్కడ ఏమైనా జరుగుతోందా?"

ఆ "నమ్మకం కుదరడం లేదు" అన్న మాట నాకు చాలా నచ్చింది. వినిపించిన తర్వాత కూడా అనుమానించగలగడం చిన్న విషయం కాదు. జవాబు క్లుప్తంగా చెప్పాలంటే: ఏదో జరుగుతోంది, కానీ అతుక్కోవడం మాత్రం ఆ పద్దెనిమిది చోట్లా జరగదు. జరగడం సాధ్యం కూడా కాదు. దానికి లెక్క ఉంది.

కన్సోల్ భాగాల గురించి ఇక్కడ రాయను. మనకు కావలసింది ఒక్కటే. ప్రతి వాద్యం తన చానెల్ గుండా వేరుగా వస్తుంది, చివరికి అన్నీ ఒకే దారిలో కలుస్తాయి. ఆ కలిసే దారిని బస్ అంటారు. కంప్యూటర్‌లో ఆ కలయిక ఉత్త కూడిక. "డిజిటల్‌లో కలిపితే పలచబడుతుంది" అనే మాట చాలామంది అంటారు. కానీ 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ (కంప్యూటర్ దశాంశ సంఖ్యలను దాచే పద్ధతి) లెక్కలో ఒక్కో కూడికకు వచ్చే పొరపాటు ఆ సిగ్నల్ కన్నా సుమారు 144 డెసిబెల్లు కింద ఉంటుంది. దాన్ని వినగలిగే చెవి లేదు.

ఇప్పుడు ఒక ఇంటికి వెళ్దాం. నలుగురు అన్నదమ్ములు, ఒక్కొక్కరి సంపాదన 8 లక్షలు. ప్రభుత్వం అందరికీ ఒకే రేటున 10 శాతం పన్ను వేసిందనుకోండి. నలుగురూ వేరు కాపురాలు పెట్టి విడివిడిగా కట్టినా మొత్తం 3 లక్షల 20 వేలు. ఉమ్మడిగా 32 లక్షలు చూపించి కట్టినా అంతే. ముందు కలిపి తర్వాత కోసినా, ముందు కోసి తర్వాత కలిపినా ఫలితం మారని ఈ గుణాన్నే సరళత్వం అంటారు. మామూలు ఈక్వలైజర్ (ఈక్యూ), అంటే బరువు స్వరాలనీ సన్న స్వరాలనీ ఎక్కువ తక్కువ చేసేది, ఇలాంటిదే. పద్దెనిమిది ట్రాకుల మీద ఒకే ఈక్యూ పెట్టడం, మొత్తం మీద ఒక్కటి పెట్టడం గణితం దృష్టిలో ఒకటే పని.

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో అధ్యారోపణ సూత్రం పేరుతో మనం చదివేది ఇదే. రెసిస్టర్లు, రెండు బ్యాటరీలు, పది మార్కులు. అది ఎక్కడ పనిచేయదో మాత్రం ఎవరూ చెప్పరు. పనిచేయని చోటే కదా లోకమంతా ఉంది! డయోడు, ట్రాన్సిస్టరు, ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము, మన చెవి, ఇవేవీ సరళం కావు.

అందుకని పన్ను మారుద్దాం. 10 లక్షల దాకా పన్ను లేదు, ఆపైన ఉన్నదాని మీద 20 శాతం. వేరు కాపురాల్లో ఒక్కొక్కరికీ 8 లక్షలే కాబట్టి ఎవరికీ పన్ను లేదు. ఉమ్మడిగా చూపిస్తే 32లో 10 పోను 22 లక్షల మీద 4 లక్షల 40 వేలు కట్టాలి. అంతేకాదు, ఉమ్మడి లెక్కలో పెద్దాయన సంపాదన పెరిగితే తమ్ముడి డబ్బు మీద కూడా పన్ను పడే దశ ముందే వచ్చేస్తుంది. ఒకరి స్థితి ఇంకొకరికి తగులుతోందన్న మాట. వేరు కాపురాల్లో అన్నకు ఎంతొచ్చినా తమ్ముడికి తెలియనే తెలియదు.

కన్సోల్ "రంగు" అని మనవాళ్లు పిలిచేది ఈ స్లాబు పన్నునే. సిగ్నల్ పెరిగేకొద్దీ పరికరం కొంచెం కొంచెం కోత పెడుతుంది. ఆ వంపు వల్ల వచ్చిన స్వరానికి రెట్టింపు, మూడింతల పౌనఃపున్యంలో కొత్త స్వరాలు పుడతాయి. అవే హార్మోనిక్‌లు, పాఠ్యపుస్తకాల్లో అనుస్వరాలు. చానెల్ మీద పెట్టిన ప్లగిన్ ఆ ఒక్క ట్రాకుకే కోత వేస్తుంది. గొంతు మీది ప్లగిన్‌కి తబలా ఉందన్న సంగతే తెలియదు. తెలియనిదాన్ని దేనికి అతికిస్తుంది? ఒకదాని ప్రభావం ఇంకొకదాని మీద పడాలంటే రెండూ కలిసిన తర్వాతే వంపు రావాలి. అంటే బస్ మీద.

వంపులో ముఖ్యమైన భాగం ఘనం అనుకుందాం, అంటే వచ్చిన సిగ్నల్‌కి ఘనం కట్టి, అందులో కొంత భాగాన్ని అసలు సిగ్నల్‌లోంచి తీసేయడం. షడ్జమం, పంచమం కలిసి బస్‌లోకి వచ్చాయి. తొమ్మిదో తరగతి సూత్రం గుర్తు చేసుకోండి:

(స + ప)³ = స³ + 3స²ప + 3సప² + ప³

రెండు చివర్లా ఉన్నవి విడివిడి చానెళ్లలోనూ వచ్చేవే. మధ్యలో ఉన్న రెండూ మాత్రం ఉమ్మడి కుటుంబంలోనే పుట్టే పిల్లలు. వాటి ముందున్న ఆ 3 అలంకారం కాదు. రెండు స్వరాలూ సమాన బలంతో ఉంటే, మధ్య పదాలిచ్చే ఒక్కో కొత్త స్వరం మూడో హార్మోనిక్ కన్నా సరిగ్గా మూడు రెట్లు పెద్దది, దాదాపు 9.5 డెసిబెల్లు ఎక్కువ. అంటే చానెళ్ల మీద మాత్రమే ప్లగిన్లు పెట్టుకున్నవారికి చిన్నవి దక్కుతాయి, పెద్దవి పోతాయి.

ఆ పిల్లలు ఏ స్వరాలో చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. స 240 హెర్ట్జ్, ప 360 అనుకోండి. రెండింతల స లోంచి ప తీసేస్తే 120, అంటే మంద్ర షడ్జమం. రెండింతల ప లోంచి స తీసేస్తే 480, తారా షడ్జమం. కొత్తగా వచ్చినవీ మన ఇంటివాళ్లే! స, అంతర గాంధారం తీసుకున్నా అంతే. గ 300 అయితే, 180 దగ్గర మంద్ర పంచమం, 360 దగ్గర పంచమం పుడతాయి. కానీ ఇది శుద్ధమైన నిష్పత్తులకే. కీబోర్డు మీద గ 302.4 దగ్గర ఉంటుంది. అప్పుడు పుట్టే స్వరం 364.8. కీబోర్డు పంచమం 359.6. రెండూ కలిసి సెకనుకు ఐదుసార్లు కొట్టుకుంటాయి, విస్పందనాలు వస్తాయి. రాక్ గిటారిస్టులు బాగా డిస్టార్షన్ పెట్టినప్పుడు గాంధారం వదిలేసి స, ప మాత్రమే మీటడానికి పెద్ద కారణం ఇదే. ఉమ్మడిలో పుట్టినది మేలు చేస్తుందా, గొడవ పెడుతుందా అన్నది శ్రుతిని బట్టి ఉంటుంది.

పాఠకుడి ప్లగిన్‌కి మూలమైన పరికరం ఏం చేసేదో కూడా చూద్దాం. 1970లో వచ్చిన నీవ్ 1073 మాడ్యూల్‌కు ఇచ్చే కొలతల్లో వికృతి (డిస్టార్షన్, అంటే వంపు వల్ల పుట్టే అదనపు ధ్వని) 0.07 శాతానికి మించదని ఉంటుంది. అంటే అసలు సిగ్నల్ కన్నా 63 డెసిబెల్లు కింద. అది కూడా +20 డీబీయూ (సిగ్నల్ వోల్టేజికి కొలత) అనే పెద్ద స్థాయిలో. మామూలు పని స్థాయి +4. ఘనం వంపులో సిగ్నల్ 16 డెసిబెల్లు తగ్గితే, దానితో పోల్చిన వికృతి 32 తగ్గుతుంది. మొత్తం 95 డెసిబెల్లు కింద, సీడీలో అడుగున ఎప్పుడూ ఉండే సన్నని రొద దగ్గరన్న మాట. ఆ పరికరంలోని ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము ఇంత చక్కగా ఘన సూత్రాన్ని పాటించదు, నిజమే. ట్రాన్స్‌ఫార్మర్‌లో అయస్కాంత అభివాహం వోల్టేజిని పౌనఃపున్యంతో భాగిస్తే వచ్చేదానికి అనుపాతంలో ఉంటుంది కనుక 50 హెర్ట్జ్ దగ్గర 1000 హెర్ట్జ్ కన్నా ఇరవై రెట్లు బరువు పడుతుంది. అందుకే బేస్, డోలు వంటివాటిలో దాని పని ముందు తెలుస్తుంది. తాళాల ట్రాకు మీద, అదీ సిగ్నల్ చిన్నగా ఉన్నప్పుడు, ఆశించడానికి ఏమీ లేదు.

ఆ కన్సోళ్ల రూపకర్త రూపర్ట్ నీవ్ ఆ బల్లలను వీలైనంత శుభ్రంగా ఉండాలనే కట్టారు. మిగిలిపోయిన మచ్చను మనం ఇప్పుడు అత్తరులా అమ్ముకుంటున్నాం. ప్లగిన్ తయారీదారులందరినీ తప్పు పట్టను. వేవ్స్ వారి ఎన్‌ఎల్‌ఎస్, స్లేట్ వారి వీసీసీ అనే ప్లగిన్లలో చానెల్‌కి ఒకటి, బస్‌కి ఒకటి విడిగా ఇచ్చారు. లెక్క వాళ్లకు తెలుసు. కొన్నవాళ్లకు చేరేసరికి "అన్నిటి మీదా పెట్టండి" అనే ముక్కే మిగిలింది.

మరి మన పాఠకుడికి వినిపించిన తేడా? చాలావరకు అది శబ్దం పెద్దదవడం. ప్లగిన్ ఆన్ చేయగానే అర డెసిబెల్ పెరిగినా, మనకు "పెరిగింది" అనిపించదు, "బాగుంది" అనిపిస్తుంది. రంగురాయి ఉంగరం పెట్టుకున్న నెలలో ఉద్యోగం వస్తే రాయికే దండం పెడతాం, అంతకు ముందు రాసిన పరీక్ష గుర్తుకు రాదు. మోసం చేసుకోవాలని ఎవరూ చేసుకోరు. మెదడు అలా కట్టబడి ఉంది, అందుకే పరీక్ష కావాలి.

కొందరు నల్ టెస్ట్ చేస్తారు: ప్లగిన్ ఉన్న ఫైలును తలకిందులు చేసి, లేనిదానితో కలిపి, మిగిలింది వినడం. మంచి పరీక్షే కానీ దాన్ని అతిగా నమ్మకూడదు. 10 డిగ్రీల ఫేజ్ మార్పు (అల కొద్దిగా ముందుకో వెనక్కో జరగడం) చాలు, మిగులు 15 డెసిబెల్లు మాత్రమే కింద ఉంటుంది. చాలా పెద్దగా వినిపిస్తుంది. అసలు పాటలో ఆ మార్పు ఎవరికీ తెలియకపోవచ్చు. మిగులు ఉందంటే రెండూ వేరు అని మాత్రమే.

ఆయనకు నేను రాసింది ఇది. పద్దెనిమిది ప్లగిన్లతో ఒక మిక్స్, ఏదీ లేకుండా ఒకటి, బస్ మీద మాత్రమే ప్లగిన్ పెట్టి, సిగ్నల్‌ని దానిలోకి కాస్త గట్టిగా తోసి ఒకటి చేయండి. మూడింటి స్థాయినీ 0.1 డెసిబెల్ లోపు సమానం చేయండి. ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి, మీరు చూడకుండా రెండేసి చొప్పున నాణెం ఎగరేసి మార్చమనండి. పదిసార్లలో తొమ్మిది లేదా పది సరిగ్గా చెబితే, గుడ్డిగా ఊహించి అలా చెప్పే అవకాశం 1024లో 11 మాత్రమే. అప్పుడు మీ చెవిని నమ్మండి. ఆ బస్‌లోకి గొంతు, తంబూరా, తబలా పంపండి. కీబోర్డు మీద గాంధారంతో కార్డులు పట్టి ఉంటే మాత్రం దాన్ని పక్కదారిలో నేరుగా బయటికి పంపండి.